బాగుపడకూడని బండి

మార్చి 3

టైర్ల కంపెనీ వాడు ఇచ్చిన డైరీ ఇన్నాళ్లకి పనికొచ్చింది. డ్రైవింగ్ స్కూల్లో నా బల్ల సొరుగులో ఉంటుంది, తాళం నా దగ్గరే.

ఇవాళ భోజనాల దగ్గర మా ఆవిడ ఒక వార్త చెప్పింది. కొండ మీద గనుల వాళ్ల ఆసుపత్రిలో కొత్తగా రక్తపరీక్షల ల్యాబ్ పెడుతున్నారట. దానికి తననే ఇన్‌చార్జిగా రమ్మన్నారట. ఇన్నేళ్లూ రిపోర్టులు పట్టుకుని ఇంకొకరి సంతకం కోసం తిరిగిన మనిషి, అక్కడైతే తనే సంతకం పెడుతుంది. క్వార్టర్సు కూడా ఇస్తారు. జూన్ ఒకటిన చేరాలి, ఈ నెలాఖరులోగా జవాబివ్వాలి.

"మీరేమంటారు?" అంది.

"అనడానికి నాదేముంది? నీ ఇష్టం" అన్నాను.

ఇంతకన్నా పెద్దమనసుతో ఏ మొగుడు మాట్లాడతాడు? ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, కంచం తీసుకుని లేచిపోయింది. సగం అలాగే వదిలేసింది. ఆనందంలో ఆకలి చచ్చిపోయి ఉంటుంది.

మార్చి 4

నాకు సంతోషమే.

మార్చి 5

సంతోషం కాక మరేమిటి?

మార్చి 8

ఇవాళ క్లాసుల్లో నా బుర్ర మొత్తం ఆ కొండ రోడ్డు మీదే ఉంది. బస్సు వంతెన దాకానే వెళ్తుంది, అది కూడా రోజుకి ఒక్కటే. అక్కడి నుంచి పైకి కంకర దారి, మధ్యలో వాగు, నిలువుగా ఎక్కుడు. మా స్కూలు కార్లు అక్కడికి తీసుకెళ్తే కడుపులు చీల్చుకుని తిరిగొస్తాయి. మరి ఆవిడ వారం వారం ఇంటికి ఎలా వస్తుంది? నేనెలా వెళ్తాను? ఇవన్నీ ఎవరో ఒకరు ఆలోచించాలిగా.

సాయంత్రం చెప్పేశాను. "కొండలెక్కే బండి ఒకటి కొంటాను. నాలుగు చక్రాలూ లాగేది. బండి సిద్ధమయ్యాక వెళ్దువుగాని."

"సిద్ధమయ్యాకా?" అంది.

"ఆఁ. దారి చూస్తూ చూస్తూ నిన్ను ఎలా పంపిస్తాను?"

"సరే" అంది. కిటికీ తలుపు వేసి వచ్చి మళ్లీ "సరే" అంది.

ఆ 'సిద్ధమయ్యాక' అన్న మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. మంచి మాట. ఎక్కడా అబద్ధం లేదు.

మార్చి 11

బండి దొరికింది. ఊరి చివర రిటైరైన సర్వేయరు ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర ఓడలో బ్రిటన్ నుంచి దిగిన పాతకాలపు కొండబండ్లు రెండున్నాయి. బండి పేరు ఇక్కడ రాయనక్కర్లేదు. ఏ చిన్నపిల్లకి బలపం ఇచ్చి జీపు బొమ్మ గియ్యమన్నా దాన్నే గీస్తుంది: పెట్టె మీద పెట్టె, ముక్కు మీద స్టెప్నీ.

మొదటి బండి ముద్దుగా ఉంది. ఇలా తాళం తిప్పగానే అలా పలికింది. సర్వేయరు గారు నన్ను ఎక్కించుకుని పొలం గట్టు దాటించి చూపించారు. బాగుంది. బాగుంది కాబట్టి నాకు నచ్చలేదు.

"అదిగో, ఆ వెనకున్నది?" అని అడిగాను.

రేకుల పాక కింద, పిచ్చిమొక్కల మధ్య ఉంది రెండోది. "అది నడవదు మాస్టారూ. గేరుబాక్సు పోయింది. కింద కూడా సరిగ్గా లేదు" అన్నారు.

జేబులోంచి చిన్న సుత్తి తీసి కిందికి దూరాను. ఈ బండ్లకి ఒళ్లంతా అల్యూమినియం, తుప్పు పట్టదు. అడుగున ఉండే ఛాసిస్ మాత్రం ఇనుము, తుప్పంతా అక్కడే దాక్కుంటుంది. సుత్తితో కొడితే మంచి ఛాసిస్ ఖంగుమంటుంది. ఇది మెత్తగా 'డబ్' అంది. ఇంకోచోట కొట్టాను. అక్కడ సుత్తి లోపలికే పోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇదే తీసుకుంటాను."

సర్వేయరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మంచి బండి చూపిస్తుంటే చచ్చిన బండికి బేరమాడేవాణ్ణి నా జన్మలో చూడలేదు."

మంచి బండి ఎవడైనా కొంటాడు. చేతిలో విద్య ఉన్నవాడు ఇలాంటిదే కొంటాడు. ఎంతకి కొన్నానో మాత్రం ఈ డైరీకి కూడా చెప్పను.

మార్చి 12

బండిని లారీ వెనక కట్టి ఈడ్చుకొచ్చారు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇదేనా?" అంది.

"ఇదే. చూడు, ఎంత గట్టి బండో!"

తలుపు మీద చెయ్యి వేసింది. తలుపు ఊడి చేతికొచ్చింది. దాన్ని జాగ్రత్తగా గోడకి ఆనించి లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ ఓర్పు ఆవిడది.

మార్చి 15

బండిని కెప్టెన్ షెడ్డులో పెట్టాను. కెప్టెన్ అంటే మెకానిక్కే. ఒకప్పుడు ఓడల ఇంజను గదుల్లో పనిచేశాడు, ఆ పేరు తనకి తనే పెట్టుకున్నాడు. చెప్పే వాటిలో సగం కోతలు. చేసే పని కూడా ఊరంతా వినబడేలా చేస్తాడు. చేతిలో పని సగం వదిలేసి కబుర్లలో పడతాడని ప్రతీతి. అందుకే అతణ్ణే ఎంచుకున్నాను.

"తొందరేం లేదు కెప్టెన్" అన్నాను.

కెప్టెన్ సుత్తి కింద పెట్టేశాడు. "ఏమన్నారు మాస్టారూ? ఇంకోసారి అనండి. ఇన్నేళ్ల సర్వీసులో తొందరేం లేదన్న కస్టమర్ని ఇప్పుడే చూస్తున్నా. అందరూ ఎప్పుడిస్తావు, ఎప్పుడిస్తావు అని నా పీక మీద కూర్చునేవాళ్లే!"

"నీ ఇష్టం వచ్చినప్పుడు చెయ్యి."

"మీకు బండి విలువ తెలుసండీ" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు కొంచెం భయం వేసింది.

మార్చి 19

భయం నిజమైంది. కెప్టెన్ మిగతా బండ్లన్నీ పక్కకి నెట్టేసి నా బండి మీద పడ్డాడు. ఛాసిస్‌లో పోయిన ముక్కలు కోసేసి కొత్త ఇనుము అతికేశాడు. కబుర్లు చెప్పడమే మానేశాడట. షెడ్డు ముందు వేరే కస్టమర్లు కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు.

మార్చి 20

గేరుబాక్సు విప్పాడు. లోపలి పళ్లచక్రాలు అరిగిపోయాయి. ఊళ్లో లేతు మిషను మీద చేయించేద్దామన్నాడు. వద్దన్నాను.

"అసలుదే కావాలి. బ్రిటన్ నుంచే రావాలి."

"విమానంలో తెప్పిద్దామా?"

"వద్దు, ఓడలో. ఓడలో వచ్చిన బండికి విడిభాగం కూడా ఓడలోనే రావాలి."

ఇంత అడ్డగోలు మాట నా జీవితంలో ఎప్పుడూ అనలేదు. కెప్టెన్ లేచి నిలబడి నాకు సెల్యూట్ కొట్టాడు.

ఇంటికొచ్చాక ఆవిడ అడిగింది, "బండి ఎంతవరకు వచ్చింది?"

"సముద్రం మీద ఉంది" అన్నాను.

మార్చి 31

నెలాఖరు. ఆవిడ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. అడగడం దేనికి? బండి లేదు, గేర్లు ఓడలో ఉన్నాయి, ఏ ధైర్యంతో ఒప్పుకుంటుంది? మొహం చూస్తే తెలియడం లేదూ, వద్దని రాసేసి ఉంటుంది. పాపం, మంచి అవకాశం. నాకు నిజంగా బాధగా ఉంది.

బాధగానే ఉంది. సాయంత్రం వస్తూ వస్తూ ఆవిడకి కొత్త చెప్పులు కొన్నాను. మంచి రబ్బరు అడుగు.

"ఎందుకివి?" అంది.

"ఊరికే."

వేసుకుని గదిలో అటూ ఇటూ నడిచి చూసుకుంది. "రాళ్ల దారికి బాగుంటాయి" అంది. ఏ రాళ్ల దారో నేనడగలేదు.

ఏప్రిల్ 9

గేర్లు వచ్చేశాయి. పాత స్నేహితుడెవరో ఓడలో వస్తూ చేత్తోనే పట్టుకొచ్చాడని కెప్టెన్ చెప్పాడు. ఇదివరకైతే గుండెల్లో రాయి పడేది. ఇప్పుడు భయమేముంది? నెలాఖరు దాటిపోయింది. ఇక బండి బాగుపడినా నాకేం నష్టం లేదు. పైగా ఆదివారాలు ఆవిడని ఎక్కించుకుని ఎక్కడికైనా తిప్పొచ్చు. పాపం, ఉద్యోగం వదులుకుంది.

ఏప్రిల్ 14

బండి మీద ప్రేమ పుట్టింది, సిగ్గుపడకుండా రాస్తున్నాను. పొద్దున క్లాసులన్నీ మేడమ్‌కి అప్పగించేసి షెడ్డుకి వెళ్లిపోతున్నాను. మేడమ్ మా స్కూల్లో ఆడవాళ్లకి నేర్పే టీచరు, గట్టి మనిషి. నేను కెప్టెన్ పక్కన నడుం వంచి బోల్టులు తుడుస్తున్నాను, రేకు సాఫు చేస్తున్నాను. ఇంటికి గ్రీజు కంపుతో వెళ్తున్నాను.

ఆవిడ రోజూ అడుగుతోంది, "ఎంతవరకు వచ్చింది?" నాకన్నా ఆవిడకే ఎక్కువ ఉత్సాహంగా ఉంది.

ఏప్రిల్ 22

ఇంజను పలికింది! మొదట దగ్గింది, తర్వాత తుమ్మింది, తర్వాత షెడ్డు రేకులన్నీ ఊగేలా గొంతెత్తింది. కెప్టెన్, నేను కావలించుకున్నాం. ఇద్దరి చొక్కాలూ పాడయ్యాయి.

ఏప్రిల్ 27

స్కూలు కారు ఎక్కితే మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకున్నాయి. సీటు బాగా ముందుకి జరిపి ఉంది, అద్దం కిందికి వంచి ఉంది. ఇది రెండు వారాలుగా చూస్తున్నాను. మేడమ్‌ని పిలిచి, స్టూడెంటు దిగాక సీటు వెనక్కి జరిపించమన్నాను.

"అలాగే సార్. కొత్తగా పొట్టిగా ఉన్నావిడ ఒకరు వస్తున్నారు. వయసు పెద్దదే కానీ, భలే పట్టుదల. ఎక్కుడు మీద కారు ఒక్క అంగుళం వెనక్కి జారకుండా తీస్తున్నారు" అంది.

"ఈ వయసులో ఎందుకట?"

"ఆయనకి నేర్పే తీరిక లేదట సార్."

"మొగుళ్లు అలాగే ఉంటారు" అన్నాను. మేడమ్ తల వంచుకుని ఫైళ్లు సర్దుకుంది.

మా ఆవిడకి నేనెందుకు నేర్పలేదంటే, ఇంట్లో వాళ్లకి నేర్పకూడదని మా వృత్తిలో ఒక నియమం. నేనే పెట్టాను.

మే 10

డబుల్ క్లచ్ అలవాటు చేసుకుంటున్నాను. ఈ పాతకాలపు గేర్లకి క్లచ్ ఒకసారి తొక్కితే సరిపోదు, రెండుసార్లు తొక్కాలి. తొందరపడితే పళ్లు కొరుకుతుంది. ఇంట్లో వివరంగా చెప్పాను. ఆవిడ చేతిలో పని ఆపి, "ఒకసారి తొక్కి, న్యూట్రల్‌కి తెచ్చి, మళ్లీ తొక్కాలి. అంతేగా?" అంది. ఎంత బాగా అర్థం చేసుకుందో! వినేవాళ్లుంటే చెప్పేవాడికి ఉత్సాహం.

మే 28

బండి సిద్ధమైంది. కెప్టెన్ బానెట్టుకి దండ వేస్తానంటే వద్దన్నాను. హారన్ కొట్టుకుంటూ ఇంటికి తెచ్చాను. వీధిలో జనం తలుపులు తీసి చూశారు. నేను రాజాలా దిగాను.

వరండాలో పెద్ద ట్రంకుపెట్టె ఉంది. పక్కన రెండు సంచులు, చాప, బకెట్టు. బకెట్టులో నేను కొన్న ఆ చెప్పులు.

"ఏమిటిదంతా?"

"బండి సిద్ధమైందిగా" అంది.

"నువ్వు వద్దని చెప్పేశావుగా!"

"నేనెప్పుడు చెప్పాను? మీరెప్పుడు అడిగారు?"

ఆవిడ బండి చుట్టూ తిరిగి, ఇదివరకు ఊడొచ్చిన తలుపుని రెండుసార్లు తీసి వేసి చూసింది. "బాగా కుదిరింది" అంది.

మే 29

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మే 30

బానెట్టు ఎత్తి, ఇంజను మీదుండే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలుండే రోటరు తీసి జేబులో వేసుకున్నాను. వేలెడంత ముక్క. అది లేకపోతే బండి స్టార్టవ్వదు. ఎందుకు తీశానంటే, దానిమీద కాస్త నలుపు కనిపించింది, శుభ్రం చేద్దామని.

మే 31

పొద్దున టీ కప్పు పక్కన సాసర్లో రోటరు ఉంది.

"ప్యాంటు ఉతకడానికి తీస్తే జేబులో దొరికింది. బండిదనుకుంటా. ఇంకాస్త అయితే నీళ్లలో పడేసేదాన్ని" అంది.

టీ తాగి వెళ్లి బిగించాను. నలుపు లేదు, శుభ్రంగానే ఉంది.

జూన్ 1

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

సామాన్లు ఎక్కించాక నేను డ్రైవరు సీటు వైపు వెళ్తే ఆవిడ అప్పటికే అందులో కూర్చుని ఉంది. వీపు వెనక దిండు పెట్టుకుంది. చేతిసంచిలోంచి లైసెన్సు తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టింది. ఫొటోలో నవ్వుతోంది. అంత బాగా నవ్వగా నేను చూసి చాలా కాలమైంది.

"ఎవరు నేర్పారు?" అన్నాను, సీటూ అద్దమూ అన్నీ ఒక్కసారి బుర్రలోకి వచ్చాక కూడా.

"మీ స్కూల్లోనే. ఫీజు కట్టాను."

వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను. వంతెన దాకా మంచి రోడ్డే. వంతెన దాటాక బండి ఆపి, ఎర్ర లీవరు వెనక్కి లాగింది. నాలుగు చక్రాలూ పట్టుకున్నాయి. వాగులోకి దించింది, నీళ్లు తలుపు దాకా వచ్చాయి, ఆవిడ యాక్సిలేటరు మీద కాలు తియ్యలేదు. అవతలి ఒడ్డు ఎక్కాక ఊపిరి వదిలింది. అప్పటిదాకా నేనూ వదల్లేదు.

మా స్కూలు కార్లలో టీచరు కూర్చునే పక్క కూడా ఒక బ్రేకు ఉంటుంది. స్టూడెంటు తప్పు చేస్తే మేం తొక్కుతాం. అన్నేళ్లు ఆ సీట్లో కూర్చున్నవాడి కాలు ఊరుకోదు. మలుపు వచ్చినప్పుడల్లా నొక్కుతున్నాను. ఎదురుగా లారీ వస్తే నొక్కుతున్నాను. రోడ్డు ఖాళీగా ఉన్నా నొక్కుతున్నాను.

"అక్కడ బ్రేకు లేదండీ" అంది, ముందుకే చూస్తూ.

"తెలుసు" అన్నాను. నొక్కుతూనే ఉన్నాను. పైకి చేరేసరికి కాలు పిక్క పట్టేసింది.

నిలువెక్కుడులో ఒకచోట గొర్రెలు అడ్డమొచ్చి ఆగాల్సి వచ్చింది. మళ్లీ కదిలించినప్పుడు బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి జారలేదు. నేను నేర్పినవాళ్లలో ఆ పని చెయ్యగలిగినవాళ్లు నాకు గుర్తు లేరు.

క్వార్టర్సు చిన్నదే. రెండు గదులు, ముందు సిమెంటు అరుగు, వెనక నీళ్ల తొట్టి. వంటగది కిటికీలోంచి ఆసుపత్రి కనిపిస్తుంది. ఆవిడ ల్యాబ్‌కి వెళ్లి చేరినట్టు సంతకం పెట్టి వచ్చేలోపు నేను బల్బు బిగించాను, కారుతున్న కుళాయికి గుడ్డపీలిక చుట్టాను, ట్రంకుపెట్టెని ఇటు నుంచి అటు జరిపాను, అటు నుంచి ఇటు జరిపాను. ఇంక చెయ్యడానికేం లేదు. ఆవిడ తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది.

"వెళ్లకు" అన్నాను.

ఆవిడ తలెత్తి చూసింది. "ఎక్కడికండీ? వచ్చేశాంగా!"

నవ్వు మొదలైంది. ఆపుకోలేక ట్రంకుపెట్టె మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది. అప్పుడు అర్థమైంది అది నవ్వు కాదని.

"వస్తానని, మీకు చెప్పిన మర్నాడే రాసిచ్చేశాను" అంది. "బండి రానీ, రాకపోనీ, నడిచైనా వచ్చేదాన్ని."

"మరి సిద్ధమయ్యాక అంటే సరే అన్నావు?"

"మీరెప్పటికైనా నోరు తెరిచి అడుగుతారేమోనని చూశాను. చచ్చిన బండి తెచ్చారు. గేర్లు ఓడలో తెప్పించారు. నన్ను ఉండమని ఒక్క మాట అనడానికి ఇంత ఇనుము కావాల్సొచ్చిందా?"

"అడిగితే ఆగేదానివా?" అన్నాను.

ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు.

"ఆగేదాన్ని కాదు. కానీ అడిగారన్న తృప్తి నాకు ఉండేది."

నాకు ఏడుపొచ్చింది. రాయకూడదనుకున్నాను కానీ వచ్చింది, ఆవిడ ముందే వచ్చింది. ఆవిడ పెట్టె మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. ఇద్దరం కూర్చున్నాం. కుళాయి మళ్లీ కారడం మొదలెట్టింది.

మధ్యాహ్నం నన్ను వంతెన దగ్గర దించింది. బండి పైనే ఉండాలి కదా, ఆ దారికి కొన్నదే. నేను బస్సెక్కాను.

జూన్ 2

క్లాసులు. కెప్టెన్ వచ్చి, "రాణీగారెలా ఉన్నారు?" అన్నాడు. బండి గురించే అడిగాడు. బాగా ఎక్కిందని చెప్పాను.

జూన్ 3

ఇల్లు బాగాలేదు. నా మాటే నాకు వినిపిస్తోంది. ఒక్కడికి వండుకోవడం రాదు, ఇద్దరికీ వండేసి సగం పారేశాను. ఆవిడ లేకపోతే నాకు తోచదు. ఈ వాక్యం ఇక్కడ రాసుకుంటే ఏం లాభం, చదివేది నేనేగా?

జూన్ 4

ఫోన్ చేశాను. ల్యాబ్ గురించి చెప్పింది. కొత్త మైక్రోస్కోపు వచ్చిందట, మొదటి రిపోర్టు మీద సంతకం పెట్టిందట. గొంతు వెలిగిపోతోంది. నేను ఆఁ కొడుతూ విన్నాను.

"నువ్వు లేకపోతే నాకు బాగాలేదు" అన్నాను.

"ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదండీ. ఇంకోసారి చెప్పండి" అంది.

సిగ్నల్ బాగానే ఉంది. అక్కడ క్వార్టర్సులో ఆ కుళాయి కారుతున్న చప్పుడు కూడా నాకు వినబడుతోంది.

ఇంకోసారి చెప్పాను.